ఆరు నిమిషాల గొంతు

నా గొంతుకు బరువు లేదన్న నమ్మకం నాకు చిన్నప్పుడే కుదిరిపోయింది. బస్సులో "ఇక్కడ ఆపండి" అని నేనంటే బస్సు నా స్టాపు దాటాకే ఆగేది. తరగతిలో నేను చెప్పిన జవాబునే పక్కవాడు ఇంకోసారి చెబితే మాస్టారు వాడికి శభాష్ అనేవారు. బంధువులు నన్ను నోట్లో నాలుక లేనివాడనేవారు. ఆ మాటకు నేను పెద్దగా బాధపడలేదు. పైగా అందులో ఒక సుఖం ఉంది. నా మాట ఎవరినీ తాకకపోతే దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. ఎవరికీ ఏమీ కాకపోతే నేను ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.

వ్యాయామశాస్త్రం చదువుదామనుకోవడానికి కూడా ఇదే కారణమేమో. శరీరం అంకెల్లో మాట్లాడుతుంది. గుండె ఇన్నిసార్లు కొట్టుకుంది, కాళ్లు ఇంత దూరం వెళ్లాయి. నడుమ నేను గోడ గడియారంలా ఉంటే చాలు.

రెండో ఏడు పరిశోధనకు యూనిఫారాలు కుట్టే ఒక యూనిట్ దొరికింది. మూడంతస్తుల భవనం, నూట నలభై మంది మనుషులు, రోజుకు తొమ్మిది గంటలు మిషన్ల ముందు కూర్చునే పని. నలభై అయిదు దాటినవాళ్లను ముప్పై రెండు మందిని తీసుకుని చీటీలు వేసి రెండు గుంపులు చేశాను. ఒక పదహారు మంది రోజుకు మూడుసార్లు పని మధ్యలో లేచి, కింది నుంచి పైదాకా ఉన్న అరవై రెండు మెట్లూ రెండేసిసార్లు ఎక్కి దిగాలి. మిగతా పదహారు మంది ఎప్పటిలాగే ఉండాలి. పన్నెండు వారాలయ్యాక ఎవరి నడక ఎంత మారిందో చూడాలి. ఆ తర్వాత రెండో గుంపుకీ మెట్లు ఎక్కే అవకాశం ఇస్తానని చెప్పాను.

నడకను కొలిచే పద్ధతి చాలా సులువు. బట్టల గోదాము పక్కన ముప్పై మీటర్ల వరండా ఉంది. ఆ చివర ఒక నారింజరంగు కోను, ఈ చివర ఒకటి, నడుమ ఎవరికైనా కళ్లు తిరిగితే కూర్చోవడానికి కుర్చీ. మనిషి ఆరు నిమిషాలపాటు, పరుగెత్తకుండా, వీలైనంత వేగంగా వాటి మధ్య తిరుగుతూ ఉండాలి. ఎంత దూరం నడిచారన్నదే ఫలితం. పరీక్ష పెట్టేవాడు పక్కన నడవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, తొందరపెట్టకూడదు. నిమిషానికోసారి కార్డు మీదున్న వాక్యం చదవాలి. "బాగా నడుస్తున్నారు. ఇంకా అయిదు నిమిషాలున్నాయి." "ఇలాగే నడవండి. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి." అందరికీ అవే మాటలు, అదే గొంతు. ఎందుకంటే ఉత్సాహపరిస్తే మనిషి ఎక్కువ నడుస్తాడు, అప్పుడు కొలత కాలిది కాకుండా మాటది అవుతుంది. ఇది మాకు మొదటి ఏడే చెబుతారు. దీని మీద పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

యూనిట్ మేనేజరు కటింగ్ టేబుల్ దగ్గర మొదలై పైకొచ్చిన మనిషి. మెడలో కొలత టేపు ఎప్పుడూ తీయడు. మెట్ల వల్ల మేలు జరుగుతుందని నేను చూపిస్తే మొత్తం నూట నలభై మందికీ రోజుకు మూడు విరామాలు, పదేసి నిమిషాలు, జీతం కోయకుండా ఇస్తానన్నాడు. ఎంత వస్తే మేలు జరిగినట్టో ఒక్క అంకె చెప్పమన్నాడు. మా రంగంలో ముప్పై మీటర్లంటే మనిషికి తన ఒంట్లో తేడా తెలిసేంత అని ఒక అంచనా ఉంది. అదే చెప్పాను. ఆయన జేబులోంచి బట్ట మీద గీతలు గీసే సుద్ద తీసి కటింగ్ టేబుల్ అంచు మీద 30 అని రాశాడు. పన్నెండు వారాలూ దాన్ని ఎవరూ తుడవలేదు. మనుషులు దాని పక్కనుంచి నడిచేటప్పుడు దాన్ని చేత్తో తాకి వెళ్లడం నేను చూశాను.

ఆఖరి కొలతల్లో మెట్ల గుంపు సగటున ముప్పై రెండు మీటర్లు ఎక్కువ నడిచింది. రెండో గుంపు మూడు మీటర్లు తక్కువ నడిచింది. తేడా ముప్పై అయిదు. ఆ అంకెను కాగితం మీద రెండుసార్లు దిద్దాను. మేనేజరుకి ఇంకా చెప్పలేదు. కానీ కుట్టేవాళ్లకు అంకెలు మొహాల్లో కనబడతాయి కాబోలు, వాళ్లకు తెలిసిపోయింది.

ఇక మిగిలింది ఒక్క చిన్న పని. ప్రతి పరీక్షనూ ఆడియో రికార్డు చేయించింది మా గైడు మేడమ్. వాటిలో ఆఖరి కొలతలవి పదింటిని చీటీ వేసి తీసి, మొత్తం విని, కార్డు మీద ఉన్న మాటలే చెప్పానని సంతకం పెట్టాలి. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆ పని పెట్టుకున్నాను. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ పెద్దాస్పత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైంది. నేను బల్ల దగ్గర కార్డు పట్టుకుని మాటమాటకూ టిక్కులు పెడుతున్నాను. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని బీన్స్ నార తీస్తోంది.

మూడో రికార్డింగు అయ్యాక అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"మొదటి మనిషంటే నీకు ఇష్టమట్రా?"

ఎవరి గురించి అన్నాను. ఇందాక మొదట నడిచిన మనిషి గురించి అంది. ఆ రికార్డింగులో ఆవిడ మాటే లేదు, అడుగుల చప్పుడూ నా వాక్యాలూ తప్ప ఏమీ లేవు. నేను చెప్పినవి కార్డు మీద ఉన్న మాటలేనని చూపించబోయాను.

"మాటలు కాదు నాన్నా. నవ్వుతూ మాట్లాడితే ఫోన్లో తెలిసిపోతుంది. మొదటి మనిషికి నవ్వుతూ చెప్పావు. రెండో మనిషికి టైము చెప్పావు, అంతే. మూడో మనిషికి మళ్లీ నవ్వావు."

ఒకటి, మూడు మెట్ల గుంపువి. రెండు కాదు.

అప్పుడు నాకు కలిగింది భయం కాదు, కుతూహలం. ఆ తేడాను ఇప్పటికీ గుర్తుంచుకున్నాను. ఇల్లు అంటుకుందని తెలిసే ముందు మనిషి, ఎక్కడో ఏదో కాలిన వాసన, దేనిదబ్బా అనుకుంటాడు చూడండి, అలాంటిది. మిగతా ఏడూ వినిపించి, ఏది ఏ గుంపో చెప్పమన్నాను. అమ్మకు ఇది ఆటలా ఉంది. బీన్స్ గిన్నె పక్కన పెట్టి కళ్లు మూసుకుని వింది. మొత్తం పదిలో తొమ్మిది సరిగ్గా చెప్పింది.

తప్పిన ఒక్కటీ జేబులాయనది. జేబులు కుట్టే ఆయన మెట్ల గుంపులో పేరుకే ఉండేవాడు. నేను చూస్తున్నంతసేపు నాలుగు మెట్లెక్కి, తర్వాత లిఫ్టులో పైకి పోయి అక్కణ్ణించి చెయ్యి ఊపేవాడు. ఆయనకు నేను టైమే చెప్పానని అమ్మ తేల్చింది. అంటే అమ్మ నా జాబితాను తప్పు చదివింది, నా మనసును సరిగ్గానే చదివింది.

సంతకం పెట్టాల్సిన కాగితం ఆ రోజు అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. వాదన నాకు అన్ని వైపుల నుంచీ దొరికింది. మాటలు కార్డు మీదివే. రికార్డింగులు వినేవాళ్లు ఎవరూ లేరు. గొంతులో నవ్వును కొలిచే మీటరు లేదు. పైగా నేను పన్నెండు వారాలపాటు వారానికి మూడు రోజులు ఆ మెట్ల మీద వాళ్లతో గడిపాను, వాళ్ల మోకాళ్ల కథలూ మనవల కథలూ విన్నాను. రెండో గుంపును రెండే రెండుసార్లు చూశాను, మొదటి కొలతకూ ఆఖరి కొలతకూ. తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ గొంతు ఒకటే ఎలా ఉంటుంది? అదీగాక కటింగ్ టేబుల్ మీద 30 ఉంది. దాన్ని తాకి వెళ్లే చేతులున్నాయి. నా మనశ్శాంతి కోసం నూట నలభై మంది విరామం పోగొట్టడం నీతి ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న బలమైనదే. కానీ అడుగుతున్నప్పుడు నాకొక సంగతి కనబడింది. వాళ్ల మేలు గురించి నేను ఇంత గట్టిగా ఆలోచించింది ఈ మూడు రోజుల్లోనే. వాళ్ల మేలును అడ్డం పెట్టుకుని దాక్కున్నది నేను.

ఇంకో సంగతి అంతకంటే వింతగా ఉంది. దొరికిపోయానన్న భయం అడుగున, చాలా లోతుగా, ఒక చిన్న సంతోషం కదులుతోంది. నా గొంతు పనిచేసింది. ఎవరో దాన్ని విని అడుగులు త్వరగా వేశారు. ఇరవై ఏడేళ్లుగా లేదనుకున్నది ఉంది. దాన్ని చూసి సిగ్గుపడ్డాను, అయినా అది కదులుతూనే ఉంది.

నాలుగో రోజు కాజాలక్క రికార్డింగులు రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. ఆవిడ గుండీలకు కాజాలు కుట్టే మిషను మీద పనిచేస్తుంది. వయసు యాభై ఆరు. యూనిట్లో పెద్దా చిన్నా అందరికీ ఆవిడ కాజాలక్కే. చీటీలో రెండో గుంపు వచ్చినప్పుడు, జీవితంలో తనకు ఏ చీటీ కలిసొచ్చింది గనక అని నవ్వేసింది. మొదటి కొలతలో నాలుగువందల యాభై ఒక్క మీటర్లు నడిచింది. ఆఖరిదాంట్లో నాలుగువందల నలభై అయిదు. పన్నెండు వారాల్లో ఆరు మీటర్లు పోయాయి.

మొదటి రికార్డింగు నాటికి ఇంకా గుంపులు వేయలేదు. నా గొంతులో బెరుకు ఉంది, దాంతోపాటు ఒక వేడుకోలు ఉంది. దయచేసి బాగా నడవండి అన్నట్టుంది. రెండోదాంట్లో స్టేషనులో రైలు ఆలస్యం చెప్పేవాడి గొంతు. ఆరో నిమిషం అయింది. ఆగమన్నాను. కుర్చీ జరిగిన చప్పుడు, ఆయాసం. తర్వాత ఆవిడ మాట. నాకు అది అన్నట్టే గుర్తులేదు.

"అయిపోయిందా బాబూ? నేను మెట్ల బ్యాచి కాదుగా, నాది పెద్దగా పనికిరాదనుకుంటా."

నేను "ఊఁ" అన్నాను. అంతే రికార్డయింది.

ఆ ఊఁ దగ్గర టేపు ఆపి మళ్లీ మళ్లీ విన్నాను. ఆ గొంతు నాకు బాగా తెలుసు. స్టాపు దాటాక బస్సు ఆపిన డ్రైవరుది, పక్కవాడికి శభాష్ అన్న మాస్టారిది. వాళ్లకు నా మీద కోపమేమీ ఉండి ఉండదు. అప్పుడు వాళ్ల ధ్యాస ఇంకెక్కడో ఉంది, అంతే. అలాంటి గొంతు విని మనిషి ఎలా కుంచించుకుపోతాడో లోకంలో ఎవరికైనా తెలిస్తే అది నాకు తెలియాలి. ఆరు మీటర్లు కుంచించుకుపోతాడు.

గైడు మేడమ్ గదికి వెళ్లి నిలబడే చెప్పాను. ఆవిడ వింటూ వింటూ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ సంగతి ఎవరికెవరికి తెలుసు?"

"మా అమ్మకి మేడమ్."

"ఇంకా?"

"మీకు."

ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది, గొంతు పెంచకుండా, వరసగా. కొలిచేవాడికి ఎవరు ఏ గుంపో తెలియకూడదని తను మొదటి రోజే అడిగితే, మనుషులు లేరు మేడమ్, నేనే చూసుకుంటా అన్నది ఎవరు? నా గొంతుకు ఎవరు మారతారు మేడమ్ అని నవ్వింది ఎవరు? అప్పుడు సరేనన్నందుకు తను నేర్చుకోవాల్సింది కూడా ఉందనేసి ఆగింది. ఆ మాట నాకోసం అన్నట్టు లేదు. థీసిస్ సమర్పణ ఒక టర్ము ఆలస్యమవుతుందని చెప్పి, మెట్లవాళ్లు ఎక్కడం ఆపి ఎన్ని రోజులైందని అడిగింది. ఆపలేదన్నాను. కొలతలు అయిపోయినా వాళ్లు పని మొదలయ్యే ముందూ, భోజనం తర్వాతా ఎక్కుతూనే ఉన్నారు. అయితే ముప్పై రెండు మందినీ మళ్లీ కొలవమంది. నేను మాత్రం ఆ వరండాలో ఉండకూడదంది.

కొలవడానికి మా ల్యాబ్ మాస్టారు ఒప్పుకున్నాడు. పరికరాలు చూసుకునే మనిషి, రిటైరవడానికి రెండేళ్లుంది. మనుషుల సంగతులు పట్టించుకోడు. ఎవరు ఏ గ్రూపో చెప్పొద్దని మేడమ్ అంటే, తనకు తన రక్తం గ్రూపే గుర్తుండదన్నాడు. నోరు విప్పకుండా చుట్లు లెక్కపెట్టడం ఆయనకు ఇష్టమైన పని. ఇక నిమిషం నిమిషానికీ చెప్పాల్సిన మాటలు ముందే రికార్డు చేసి, అందరికీ ఒకే టేపు వినిపించాలి. ఎవరి గొంతుతో అన్నది ప్రశ్న. మేడమ్ కూడా, నేను కూడా ఒకేసారి అమ్మ గురించి అనుకున్నాం.

అమ్మ బెట్టు చేయలేదు. కార్డు తీసుకుని ఒక్కసారి చదువుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు "లైన్లో ఉండండి, కలుపుతున్నాను" అని చెప్పిన మనిషి. ఒకసారి చాలు అంది, ఒకసారితోనే అయిపోయింది. నేను హెడ్‌ఫోన్స్‌లో విన్నాను.

చిన్నతనంలో అమ్మ గొంతు నాకు నచ్చేది కాదు. పాలవాడితోనూ నాతోనూ ఒకేలా మాట్లాడుతుందనిపించేది. నాకోసం విడిగా ఒక గొంతు ఉంటుందేమోనని తలుపు చాటునుంచి వినేవాణ్ణి, దొరికేది కాదు. ఇప్పుడు విన్నది కూడా అదే గొంతు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. కానీ నేను కాజాలక్కకు టైము చెప్పిన గొంతులా లేదు. ఆ తేడా ఏమిటో వెంటనే పట్టుకోలేకపోయాను. అందరితో ఒకేలా ఎలా మాట్లాడతావని అమ్మను అడిగాను. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాను.

"అవతల పిల్ల పుట్టిన కబురుందో, మనిషి పోయిన కబురుందో మనకేం తెలుసు? ఎవరు ఫోన్ చేసినా, వీళ్ల మాట అవతలకి చేరాలి అనుకునేదాన్ని. అంతే. అందరికీ అదే అనుకుంటే గొంతు దానంతటదే ఒకేలా ఉంటుంది."

నేను ఒకే గొంతు అంటే ఎవరి పట్లా ఏమీ అనిపించకపోవడమనుకున్నాను. గోడ గడియారంలా ఉండడమనుకున్నాను. అమ్మ ముప్పై ఒక్క సంవత్సరాలు అందరి పట్లా ఏదో అనిపిస్తూనే ఒకేలా మాట్లాడింది. అందులో నేనూ ఒకణ్ణి. ఆ వంతు తక్కువేమీ కాదు, నేనే విడిగా వెతుక్కుని పోగొట్టుకున్నాను.

మళ్లీ కొలతలు నాలుగు రోజులు జరిగాయి. ఆ నాలుగు రోజులూ నేను భవనం వెనక సైకిళ్ల షెడ్డులో కూర్చున్నాను. గోడ అవతల మిషన్ల రొద. మధ్య మధ్య జేబులాయన సిగరెట్టుకి వచ్చి, నన్ను వెలివేశారా అని పరామర్శించేవాడు. నేను లేకపోతేనే లెక్క సరిగ్గా వస్తుందట అన్నాను. మా ఇంట్లో కూడా అదే మాట అంటారయ్యా అన్నాడు.

అయిదో రోజు అంకెలు వచ్చాయి. మెట్ల గుంపు మొదటికంటే ఇరవై తొమ్మిది మీటర్లు ఎక్కువ. నా గొంతుతో ముప్పై రెండు, అమ్మ గొంతుతో ఇరవై తొమ్మిది. పెద్ద తేడా లేదు. రెండో గుంపు నా గొంతుతో మూడు తక్కువ నడిచింది. అమ్మ గొంతుతో పదకొండు ఎక్కువ. కాజాలక్క నాలుగువందల అరవై ఎనిమిది.

నేను ఇష్టమైనవాళ్లను ముందుకు తోశాననుకున్నాను. నిజానికి వాళ్లను తోసింది చాలా తక్కువ, వాళ్ల మెట్లే వాళ్లను తోశాయి. నేను చేసిందల్లా మిగతావాళ్లను వెనక్కి లాగడం. రెండు గుంపుల మధ్య నిజమైన తేడా పద్దెనిమిది మీటర్లు. టేబుల్ మీద రాసి ఉన్నది ముప్పై.

మేనేజరు దగ్గరికి రెండు కాగితాలూ పట్టుకెళ్లాను. మొదటి ముప్పై అయిదు ఎలా వచ్చిందో, ఎందుకు తప్పో, ఇప్పుడు పద్దెనిమిది ఎందుకు ఒప్పో చెప్పాను. మధ్యలో ఒకసారి కాస్త గట్టిగా చెప్పమన్నాడు, చెప్పాను. కటింగ్ మాస్టర్లు కత్తెరలు ఆపి వింటున్నారు. అంతా విని, ఇన్నాళ్లు కొండను తవ్వి ఎలుకను పట్టావన్నమాట అన్నాడు. అవునన్నాను. కానీ ఎలుక నిజమైనదన్నాను. ఈ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన సుద్ద తీసి 30 కింద 18 రాశాడు. మెడలో టేపు తీసి టేబుల్ మీద పరిచాడు. అలవాటుకొద్దీ చేతులు బట్టను కొలిచినట్టు కదిలాయి.

"పద్దెనిమిది మీటర్లంటే నా లెక్కలో పది చొక్కాల బట్ట."

ఆయన కిటికీలోంచి వరండా వైపు చూసి, పది చొక్కాల బట్టను మనసులో ఆ పొడవునా పరిచినట్టు తల మెల్లగా తిప్పాడు.

"ఆరు నిమిషాల్లో మనిషికి పది చొక్కాల దూరం మిగిలిందంటే మరీ ఎలుకేం కాదులే. మూడు ఇవ్వను. రెండు విరామాలు, ఆరు నెలలు. ఆ తర్వాత మళ్లీ కొలుద్దాం. ఈసారి కూడా నువ్వు కొలవకు."

మూడు కాకుండా రెండయినందుకు కొన్నాళ్లు కొందరు నా మీద గుర్రుగానే ఉన్నారు. కాలర్లు కుట్టే ఒకావిడ, నోరు మూసుకుని ఉంటే మూడూ వచ్చేవి కదా అని నా మొహం మీదే అంది. ఆవిడ అడిగింది తప్పని ఇప్పటికీ అనలేను. గుర్తొచ్చినప్పుడల్లా కాసేపు నాతో ఉంచుకుంటాను.

రెండో గుంపు మెట్లెక్కాల్సిన మొదటి సోమవారం పదకొండు గంటలకు బెల్లు కొట్టారు. మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. నేను మూడో అంతస్తు మెట్ల మలుపులో నిలబడ్డాను. ఇది పరీక్ష కాదు. చేతిలో కార్డు లేదు, గడియారం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెట్ల రెయిలింగు మీద పెట్టాను. కింది నుంచి చెప్పుల చప్పుళ్లు, నవ్వులు, ఎవరిదో మోకాలు పటుక్కుమన్న శబ్దం, దాని మీద జోకులు.

కాజాలక్క అందరికంటే వెనక పడింది. రెండో అంతస్తు దాటి నాలుగు మెట్లెక్కి గోడకు చెయ్యి ఆనించి ఆగింది. ఆయాసపడుతూనే, ఆ టేపులో మాట్లాడినావిడ ఎవరని అడిగింది. మా అమ్మ అన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నిజంగా నాకోసమే చెబుతున్నట్టుంది. తీరా అడిగితే అందరికీ అదే టేపట."

అవునన్నాను. అందరికీ అదే.

"మంచిదే. మరి నువ్వేంటి, అంత పైన దేవుడిలా నిలబడి చూస్తున్నావు? నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

మిగతావాళ్లు నవ్వారు. నాకు ఆ పాత సుఖం గుర్తొచ్చింది. ఎవరినీ తాకకుండా ఉండే సుఖం. అది ఇంకా నాలో ఒక మూల కూర్చునే ఉంది, ఎప్పటికీ ఉంటుందేమో. రెయిలింగు మీదుగా వంగి కిందికి చూశాను. అరవై రెండు మెట్లలో ఆవిడకు ఇంకా పద్దెనిమిది ఉన్నాయి.

"కాజాలక్కా, ఇంకా పద్దెనిమిది మెట్లున్నాయి. రండి, నేను లెక్కపెడతాను."

అంత గట్టిగా అనాలనుకోలేదు. మెట్ల గదిలో మాట గోడగోడకూ తగిలి కింది అంతస్తు దాకా పోయింది. కింద ఎవరో తల బయటపెట్టి పైకి చూశారు. కాజాలక్క చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని కాలు పై మెట్టు మీద పెట్టింది.

"వినపడింది లేవయ్యా," అంది. "నాకేం చెవుడు లేదు."